స్వల్పదోషము – మన కర్తవ్యము

పెద్ద దోషము కనబడినప్పుడు మనుష్యునకు సందేహము కలుగదు. ఇల్లు కురిసినచో కప్పు బాగుచేయించును. లెక్కలో వేయి రూపాయలు తగ్గినచో నిద్ర మాని వెదకును. చిక్కంతయు చిన్న దోషముతోనే. విడిచిపెట్టినచో నిర్లక్ష్యమందురు, పట్టుకొన్నచో చాదస్తమందురు. ఏ లోపమును ఎంతవరకు వెదకవలెను? ఈ ప్రశ్న నాకు గ్రంథములు చదువుటవలన గాక, మా యింటి టెలిఫోను తీగలోని గరగరవలన కలిగినది.

మాది కామాటిపురలోని ఒక పాత చాల్. తెలుగు నేలనుండి కూలిపనికి వచ్చిన కామాటీలు కాపురముండుటచే ఈ పేటకు ఆ పేరు వచ్చినదని మనవారికి చెప్పనక్కరలేదు. 1784 ప్రాంతమున వర్లీ వద్ద సముద్రపు గండి పూడ్చిన పిదపగాని ఇటువంటి పల్లపు నేలలు నివాసయోగ్యములు కాలేదు. నేటికిని వానకాలము వచ్చినదనగా మా గోడలు చెమ్మగిల్లును.

2011 వానకాలమున జరిగిన సంగతి. ఆ రోజులలో మా యింటికి మాటయు, ఇంటర్నెట్టును ఒకే జత రాగి తీగలపై వచ్చుచుండెను. తీగలో క్రింది భాగమున మాట నడచును, పై భాగమున బ్రాడ్‌బ్యాండ్ నడచును. చిన్న ఫిల్టరు ఒకటి రెంటిని వేరుచేయును. వానలు మొదలైన వారమునకు రిసీవరెత్తగానే చేటలో బియ్యము చెరిగినట్లు సన్నని చప్పుడు వినవచ్చెను. ఇంటర్నెట్టు ఆగలేదు, కొంచెము మందగించినది, అంతే. కాలేజీలో చదువుచుండిన మా అబ్బాయి మోడెములోని అంకెలు తెచ్చి చూపెను. వేసవిలో 14 డెసిబెల్సున్న మార్జిను 8కి దిగినది. "బాపూ, కంప్లైంట్ ఇద్దాం" అన్నాడు. "పని నడుస్తనే ఉన్నది గదరా, ఎందుకు?" అన్నాను.

నా మాటకు ఆధారము లేకపోలేదు. చప్పుడు బొత్తిగా లేని తీగ లోకములో లేదు. లోహమునకు వేడిమి ఉన్నంతకాలము అందులోని ఎలక్ట్రానులు కదలుచునే యుండునని, ఆ కదలికయే సన్నని రొదయగునని 1928లో జాన్సన్, నైక్విస్ట్ అను శాస్త్రజ్ఞులు తెలిపిరి. రొద యున్నను, ఒక హద్దుకు లోబడి పంపినచో సమాచారమును దాదాపు తప్పు లేకుండ చేర్చవచ్చునని 1948లో షానన్ నిరూపించెను. 1960లో రీడ్, సాలమన్ అనువారు కనిపెట్టిన పద్ధతితోనే మా మోడెము వచ్చిన తప్పులను తనంతట తానే దిద్దుకొనుచుండెను. యంత్రమే సహించి దిద్దుకొనుచుండగా మనుష్యుడు సహింపరాదా అని నా వాదము.

అబ్బాయి మాటయు త్రోసివేయదగినది కాదు. మార్జిననగా వ్యాపారికి బాగుగా తెలిసినదే; కష్టకాలమునకు మిగిలిన నిలువ. మూడు డెసిబెల్సు తగ్గిన సగము పోయినట్లు, ఆరు తగ్గిన నాలుగవ వంతు మాత్రమే మిగిలినట్లు. ఆరువరకు తీగ సాధారణముగా తాళును. ఇంకను దిగజారినచో తెగుచు కలియుచు నుండును.

ముందు మన యిల్లు చూచుకొందమని అన్నియు ఊడదీసి, బయటినుండి వచ్చు తీగకు నేరుగా పాత ఫోనొకటి తగిలించితిమి. గరగర పోలేదు. కాని మంచము క్రింద అబ్బాయి స్వయముగా మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు బయటపడినది. దానిని తీసివేయగా రెండు డెసిబెల్సు పెరిగినవి. దోషములో కొంత మనదే! ఇక మిగిలిన దానికై ఎవరినో వానలో నిచ్చెన ఎక్కించనేల అని ఊరకుంటిని. నా ఓర్పును నేనే మెచ్చుకొంటిని కూడ.

మూడు వారములు గడచినవి. మా ప్రక్క గదిలోని అవ్వ కొడుకు గల్ఫులో పనిచేయుచుండెను; ప్రతి శుక్రవారము ఫోను చేసెడివాడు. ఒకనాడు ఆమె నాతో, "చెవులు పోయినయి బిడ్డా. పెద్దోని మాట వినబడ్తలేదు. మల్ల మల్ల అడిగితె వానికి పైసలు దండుగ. అంత మంచిదే అని పెట్టేస్తున్న" అన్నది. నేను పోయి ఆమె రిసీవరెత్తి విన్నాను. మా యింట చేటలో బియ్యమైనచో, అక్కడ పెనము మీద నూనె మరుగుచున్నది. రెండు తీగలును మెట్ల క్రిందనున్న ఒకే డబ్బాలోనుండి వచ్చినవి.

ఆ దినమే ఫిర్యాదు చేసితిని. మూడవనాడు లైన్‌మన్ వచ్చి డబ్బా తెరచెను. లోపల నీరు, అతుకులకు పచ్చని చిలుము. కత్తిరించి, ఆరబెట్టి, క్రొత్త అతుకులు వేయుటకు అరగంట పట్టినది. మా మార్జిను 13కు ఎక్కినది. ఆ శుక్రవారము గోడ అవతలనుండి అవ్వ గొంతు చాలసేపు వినబడెను. వంట ఎవరు చేస్తున్నరని, కూరల కారమెక్కువ తింటున్నవా అని అడుగుచుండెను. అరగంట పనికి మూడు వారములు ఆమె ఆ ముచ్చటకు దూరమైనది.

నేను పప్పుదినుసుల వ్యాపారిని. తూకములో కొద్దిపాటి తేడాను చట్టమే అనుమతించును. అందుకే కాటాలకు, రాళ్లకు గడువు ప్రకారము ముద్ర వేయించుకొనవలెను. కాని ఆ కొద్దిపాటి తేడా ఎల్లప్పుడును కొనువాని వైపే పడుచున్నదని తెలిసియు ఊరకున్న వర్తకుడు, చట్టమునకు లోబడినను, నిజాయితీపరుడనబడునా? దోషము చిన్నదా పెద్దదా అని మాత్రమే నేను విచారించితిని. అది ఎవరి వైపు పడుచున్నదో విచారింపలేదు. నా నష్టమును నేను సహించిన ఓర్పు. ఇతరుల నష్టమును వారినడుగక నేను సహించినచో దానికి వేరే పేరున్నది.

అట్లని ప్రతి గరగరకు పరుగెత్తుమనుట లేదు. మరుసటి ఏడు వానలలో మరల సన్నని చప్పుడు వచ్చినది. ఇంటిలోని తీగలు చూచితిమి. వారము దినములు అంకెలు వ్రాసితిమి. 11 వద్ద నిలకడగా నుండెను. ఇరుగుపొరుగుల నడిగితిమి; వారికేమియు లేదు. విడిచితిమి. వానలు వెలిసిన పిదప దానంతట అదే పోయినది. నేడు ఇండ్లకు గాజుతీగలు వచ్చినవి. వాటికి చెమ్మ వలని ఈ విద్యుత్తు గరగర లేదు గాని, తీగ మరీ వంగినను, కొనకు దుమ్ము పట్టినను వెలుగు మందగించును. కనుక ప్రశ్న పోలేదు, రూపు మార్చుకొన్నది.

చిన్న లోపము కనబడినప్పుడు మొదట నీ మంచము క్రింద చూచుకొనుము. పిదప అది నిలిచియున్నదో పెరుగుచున్నదో కొన్నాళ్లు వ్రాసి చూడుము. కడపట ప్రక్క తలుపు తట్టి అడుగుము. ఈ మూడును చేసిన పిదప విడిచిన విడుపు, పట్టిన పట్టు, రెండును న్యాయమే. తమ చెవులనే తప్పుపట్టుకొని ఊరకుండువారు ప్రతి చాల్‌లోను ఉందురు. మనము తట్టనిదే వారు చెప్పరు.