ఒక ఒంట్లో ఎన్ని జీవాలు

జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డున, దానవులపాడు అనే చిన్న ఊరుంది. శతాబ్దాల పాటు ఏటి ఇసుకలో కూరుకుపోయిన జైన ఆలయాన్ని అక్కడ 20వ శతాబ్దం మొదట్లో పురావస్తు శాఖ తవ్వి తీసింది. పాముపడగ కింద నిలబడిన పార్శ్వనాథుడు, రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడి కాలపు శాసనం, వాటితో పాటు నిసిధి రాళ్లు బయటపడ్డాయి. తిండీ నీళ్లూ క్రమంగా మానేసి సల్లేఖన వ్రతంతో ప్రాణం విడిచినవాళ్ల జ్ఞాపకంగా నిలిపే రాళ్లవి. అలా పోయినవాళ్లలో శ్రీవిజయుడనే దండనాయకుడు కూడా ఉన్నాడు. కత్తి పట్టి బతికిన మనిషి, చివరికి ఈ ఒళ్లు నాది కాదనుకుని దాన్ని దించేసి పోయాడు.

ఆ మాట ఎంత నిజమో ఆయనకు తెలిసే వీల్లేదు. మనిషి డీఎన్ఏలో దాదాపు 8 శాతం పాత రెట్రోవైరస్‌ల అవశేషమే. జలుబు వైరస్ వస్తుంది, పోతుంది. రెట్రోవైరస్ అలా పోదు. తన ఆర్ఎన్ఏను డీఎన్ఏగా తిరగరాసి, కణం సొంత డీఎన్ఏలోనే అతికించేస్తుంది. కణం రెండుగా చీలితే తనూ రెండవుతుంది. ఎప్పుడో అరుదుగా బీజకణంలోకి చొరబడిందంటే, ఇక తరతరాలకూ దిగుతూ పోతుంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో బేరం చేసేవాళ్లకు ఈ లెక్క సులువుగా అర్థమవుతుంది. 916 నగలో నూటికి 8.4 పాళ్లు వేరే లోహమే. అయినా దాన్ని బంగారమనే తూస్తారు, పైగా ఆ కలుపు లేకపోతే నగ గట్టిగా నిలవదు.

వైరస్ కలుపు కూడా అలా పనికొస్తుందా? పులివెందుల చుట్టుపక్కల జీవాలు మేపేవాళ్లు, గొర్రె ఈనినప్పుడు పిల్ల బయటపడగానే లేచిపోరు. మాయ పడేదాకా కనిపెట్టుకుని ఉంటారు, కుక్కలు లాక్కుపోకుండా దాన్ని గుంత తీసి పూడుస్తారు. ఆ మాయ ఏర్పడటానికి ఒక వైరస్ జన్యువు కావాలని 2006లో అమెరికా పరిశోధకులు గొర్రెల మీదే తేల్చారు. గొర్రె జన్యుపటంలో ఎన్‌జేఎస్‌ఆర్‌వీ అనే పాత రెట్రోవైరస్ ప్రతులు కనీసం 27 ఉన్నాయి. వాటి పైతొడుగు ప్రోటీన్ తయారవకుండా అడ్డుకుంటే పిండం చుట్టూ ఉండే పొర ఎదగలేదు, చూలు నిలవలేదు.

ఇదే వంశానికి చెందిన వైరస్ ఇంకా బయట తిరుగుతూనే ఉంది. అది గొర్రెకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుంది. క్లోనింగ్‌తో పుట్టిన డాలీ ఊపిరితిత్తుల్లో కనిపించినవి ఈ గడ్డలే. 2003 ఫిబ్రవరి 14న దానికి మందిచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చారు. విచిత్రమేమంటే, గొర్రె లోపలున్న ఆ పాత ప్రతుల్లో ఒకటి, కొత్తగా తయారైన వైరస్ రేణువులు కణం దాటి బయటికి పోకుండా ఆపేస్తుంది. ఒకప్పుడు దండెత్తి వచ్చినదే ఇప్పుడు కాపలా కాస్తోందన్నమాట.

మరి లోపల చేరిన వైరస్ కణాన్ని ఎలా నడిపిస్తుంది? అందుకు వాడే పనిముట్లలో ఒకటి మైక్రో ఆర్ఎన్ఏ. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ 1993లో మిల్లీమీటరు పొడవున్న ఒక పురుగులో కనిపెట్టి, 2024లో నోబెల్ బహుమతి అందుకున్న మైక్రో ఆర్ఎన్ఏ సుమారు 22 అక్షరాల ముక్క. దాని నుంచి ప్రోటీన్ ఏదీ తయారు కాదు. జన్యువులు పంపే సందేశాల్లో దేన్ని ఎంత అణచాలన్నదే దాని పని. వైరస్‌లకు కూడా ఇవి ఉంటాయని 2004లో తెలిసింది. రెట్రోవైరస్‌లకు మాత్రం ఉండవనే అనుకున్నారు, అందుకు కారణమూ గట్టిదే. మైక్రో ఆర్ఎన్ఏ కోసం కణం ఒక పొడవాటి ఆర్ఎన్ఏలోని మడతను డ్రోషా అనే ఎంజైమ్‌తో కోస్తుంది. రెట్రోవైరస్ జన్యుపటమే ఆర్ఎన్ఏ కాబట్టి, అందులో అలాంటి మడత ఉంటే కోత పడేది దాని ప్రాణానికే.

2012లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ సల్లివన్ బృందం ఒక రెట్రోవైరస్ తొక్కిన దొడ్డిదారిని పట్టుకుంది. పశువుల్లో రక్తక్యాన్సర్ తెచ్చే బీఎల్‌వీ తన మైక్రో ఆర్ఎన్ఏలను ఆర్ఎన్ఏ పాలిమరేజ్ 3 అనే వేరే ఎంజైమ్‌తో రాయించుకుంటుంది. అవి మొదటి నుంచే పొట్టివి కనుక డ్రోషాతో పనిలేదు, డైసర్ అనే మరో ఎంజైమ్ కోస్తే చాలు. అసలు జన్యుపటం మీద గాటు కూడా పడదు. వాటిలో బీ4 అనేది ఆవు సొంత మైక్రో ఆర్ఎన్ఏ అయిన మిఆర్-29ని అనుకరిస్తుంది. తెల్లకణాల క్యాన్సర్లలో హద్దుమీరి కనిపించేది ఆ మిఆర్-29. మరుసటి ఏడాది బెల్జియం పరిశోధకులు గడ్డల్లోని కణాలను పరీక్షిస్తే, మైక్రో ఆర్ఎన్ఏల్లో దాదాపు 40 శాతం వైరస్‌వే. అదే కణాల్లో వైరస్ ప్రోటీన్ల జాడ మాత్రం దాదాపు లేదు. రోగనిరోధక శక్తి పట్టుకోవాలంటే చేతికి ఏదో ఒకటి దొరకాలి కదా, అదే దొరకనివ్వదు. 2016లో ఆ మైక్రో ఆర్ఎన్ఏ భాగాన్ని తీసేసిన వైరస్‌ను ఎక్కించి చూశారు. దూడల్లో దాని పెరుగుదల మందగించింది. గొర్రెల్లో క్యాన్సర్ రానే లేదు.

రాత వైరస్‌ది, రాసిన ఎంజైమ్ ఆవుది, కోసిన డైసర్ ఆవుది, అణిగిన జన్యువు ఆవుది, గడ్డ ఆవు ఒంట్లో. ఇందులో కర్త ఎవరు?

కడపకు దగ్గర్లోని పుష్పగిరి అద్వైత పీఠం. ఆ దారిలో ఆలోచించేవాళ్లు దీన్ని చిటికెలో తేల్చేయగలరు. దేహమంతా అనాత్మే, అందులో 8 శాతం ఎవరిదైతే ఏమిటి? ఈ జవాబులో తప్పు పట్టడానికి లేదు గానీ, మరీ సులువైన జవాబు. దానవులపాడు దారి ఇంతకంటే చిక్కుముడి. జైనుల లెక్కలో జీవుడు ఒంటి నిండా వ్యాపించి ఉంటాడు, ఏనుగులో ఏనుగంత, చీమలో చీమంత. అలాగైతే ప్రతి కణంలో ఇమిడిపోయిన వైరస్ ముక్కలోనూ అతడే ఉన్నాడా? దీనికి తోడు వాళ్ల గ్రంథాల్లో నిగోదాలనే సూక్ష్మజీవుల మాట వస్తుంది. స్పర్శ ఒక్కటే వాటి ఇంద్రియం. లెక్కలేనన్ని కలిసి ఒకే శరీరాన్ని పంచుకుంటాయి. ఊపిరీ, తిండీ, చావూ అన్నీ ఉమ్మడే. నిష్ఠగల జైనులు ఆలుగడ్డ, ఉల్లిగడ్డ ముట్టకపోవడం వెనక ఉన్నది ఈ నమ్మకమే. ఒంటికి ఒకే యజమాని ఉండి తీరాలన్న పట్టుదల ఇక్కడ సడలింది.

అంతమాత్రాన నిగోదమే వైరస్ అని చంకలు గుద్దుకోవద్దు. కరోనా రోజుల్లో ఇదంతా బ్రహ్మంగారు కాలజ్ఞానంలో ఎప్పుడో చెప్పారంటూ ఫోన్లలో తిరిగిన సందేశాలు కడప జిల్లాకు గుర్తే. నిగోదానికి స్పర్శ ఉంది, కర్మ ఉంది, ఎన్ని జన్మలకైనా పైకొచ్చే వీలుంది. కణం బయట ఉన్న వైరస్‌కు స్పర్శ కూడా లేదు. జైన గణనలో దాన్ని ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలో తేలని సంగతి. ఎన్నో జీవాలు కలిసి ఒకే ఒంట్లో బతుకుతుంటే ఆ బతుకు ఎవరిదని జైనులు వేసిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది.

కర్మ అన్న మాట ఈ ప్రాంతంలో గ్రంథాల్లో కంటే నోళ్లలోనే ఎక్కువ నలుగుతుంది. హెచ్ఐవీ సోకినవాళ్ల గురించి 'చేసుకున్న కర్మ' అనేసి చేతులు దులుపుకున్నవాళ్లు ఎందరో. హెచ్ఐవీ కూడా రెట్రోవైరస్సే. 2007లో వచ్చిన పరిశోధన ప్రకారం, విశ్రాంతిలో ఉన్న సీడీ4 అనే తెల్లకణాల్లో మనిషి సొంత మైక్రో ఆర్ఎన్ఏలే, అంటే మిఆర్-28, 125బి, 150, 223, 382, వైరస్ సందేశాలను అణచి ఉంచుతాయి. అణచడం మంచికే అనిపిస్తుంది. తీరా చూస్తే వైరస్ దాక్కోవడానికి అదే మరుగవుతోంది. 2004 ఏప్రిల్‌లో దేశంలో ఉచితంగా ఇవ్వడం మొదలైన ఏఆర్‌టీ మందులు వైరస్ పెరగకుండా చూస్తాయి గానీ ఆ మరుగులోకి వెళ్లలేవు. అందుకే మందు మానితే వైరస్ మళ్లీ లేస్తుంది. కదిరి అవతల బత్తలపల్లిలో ఆర్‌డీటీ ఆసుపత్రి హెచ్ఐవీ వైద్యానికి పేరుపడింది. అలాంటి ఆసుపత్రులకు మొగుడి వల్ల సోకిన ఆడవాళ్లు వస్తారు, తల్లి కడుపులోనే సోకిన పిల్లలూ వస్తారు. జైన సిద్ధాంతంలో కర్మ అంటే ఒక సూక్ష్మమైన పదార్థం. జీవుడికి అంటుకుని, ఫలించే సమయం దాకా మాటుమణిగి ఉంటుంది. డీఎన్ఏలో నక్కిన వైరస్‌తో పోలిక కొట్టొచ్చినట్టు ఉంది. అయితే శ్రీవిజయుడు ఆ లెక్క తన మీద తాను వేసుకున్నాడు. పక్కింటి పిల్లాడి మీద వేయమని ఆ శాస్త్రం ఎవరికీ పత్రం రాసివ్వలేదు.

ఇప్పుడు మరో చిక్కు. బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయంలో లుక్ విల్లెమ్స్ బృందం, అర్జెంటీనా శాస్త్రవేత్తలతో కలిసి, కొన్ని జన్యువులు తీసేసి బలహీనపరిచిన బీఎల్‌వీనే ఆవులకు టీకాగా వేసి చూసింది. ఒకసారి ఎక్కించాక అది ఆ ఆవు డీఎన్ఏలోనే జీవితాంతం ఉండిపోతుంది. ఒక వైరస్‌ను ఆపడానికి ఇంకో వైరస్‌ను, అడగకుండా, నోరులేని జీవి ఒంట్లో శాశ్వతంగా కాపురం పెట్టించడం హింస కిందికి వస్తుందా, రక్షణ కిందికి వస్తుందా? ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల తరగతి గదిలో ఒక పూట వాదించుకోదగిన ప్రశ్న ఇది. గొర్రెలోని ఆ 27 ప్రతులూ అడిగి రాలేదని ఒకరంటారు. వాటిని తెచ్చిపెట్టింది ఏ మనిషీ కాదని ఇంకొకరంటారు. అర్జెంటీనా మందల్లో టీకా వేసిన ఆవుల నుంచి ఆ వైరస్ పక్క పశువులకు పాకలేదు, దూడలకూ దిగలేదు. ముర్రుపాలలో దూడకు అందింది తల్లి తయారుచేసుకున్న యాంటీబాడీలే.