ఎవరి నీళ్లు తాగి వచ్చాం?

మేం నలుగురం టీచర్లం. నలుగురమూ గోండులమే. రెండేళ్ల కింద మే నెల సెలవుల్లో భుజాన సంచులు వేసుకుని పద్దెనిమిది రోజులు కాలినడకన తిరిగాం. జోడేఘాట్‌లో మొదలుపెట్టి కెరమెరి, జైనూర్, మార్లవాయి, నార్నూర్, గుంజాల మీదుగా, మధ్యలో ఉన్న గూడేలన్నీ చూసుకుంటూ కేస్లాపూర్ చేరాం. అక్కడి నుంచి ఉట్నూరు దగ్గరి మా ఊరికి వచ్చాం. 1940లో కొమురం భీం నేలకొరిగిన చోటు గురించి ఏటా పిల్లలకు పాఠం చెబుతున్నాం కానీ, ఆ గుట్టల్లో మేమెప్పుడూ నడవలేదు. ఆ సిగ్గుతోనే బయలుదేరాం.

ఆ పద్దెనిమిది రోజుల గురించి చెప్పుకోవడానికి చాలా ఉంది. ఇక్కడ మాత్రం చివరి మూడు రోజుల సంగతే రాస్తున్నాం. మమ్మల్ని ఇప్పటికీ వదలని ఒక ప్రశ్న ఆ మూడు రోజుల్లోనే పుట్టింది. ప్రయాణం చేసి ఇంటికి తిరిగి వచ్చిన మనిషి ఎవరికి బాకీ ఉంటాడు?

పదహారో రోజుకు మా కాళ్లు గట్టిపడ్డాయి. చీకటితో లేచి నడవడం, పది గంటలకల్లా చెట్టు నీడ చూసుకోవడం, పొద్దు వాలాక మళ్లీ కదలడం అలవాటైపోయింది. ఇల్లు దగ్గరపడే కొద్దీ మా మాటలన్నీ మా గొప్ప గురించే. ఇవాళ ఎన్ని కిలోమీటర్లు నడిచాం, ఎవరి కాలికి ఎన్ని బొబ్బలు లేచాయి, ఊళ్లోవాళ్లు ఏమంటారు, ఇవే. ఫోన్ తీసి లెక్క చూసుకుని మురిసిపోయేవాళ్లం.

ఆ సాయంత్రం ఒక చిన్న గూడెంలో ఆగాం. మన ఇళ్లలో అడిగినట్టే ఆ ఇంటాయన కూడా ముందు మా వంశం అడిగాడు, ఎన్ని దేవుళ్లవాళ్లమో అడిగాడు. లెక్క చూస్తే మాలో ఒకరు ఆయనకు అన్న వరస అయ్యాడు. ఇక మాకు పరాయితనం లేదు. కాళ్లకు నీళ్లు ఇచ్చారు. రోజంతా చెమటలో నానిన ఒళ్లు కదా, స్నానం చేస్తామన్నాం. ఆ ఇంటామె ఏమీ అనకుండా బిందెలు చూపించింది. నలుగురం కలిసి నాలుగు బిందెలు ఖాళీ చేశాం. జొన్నరొట్టె, పప్పు కడుపునిండా తిని, వాకిట్లో మంచాలు వేసుకుని నిద్రపోయాం.

తెల్లవారుజామున బయలుదేరుతుంటే వాగు దిక్కు నుంచి ఒక పాప బిందె నెత్తిన పెట్టుకుని వస్తోంది. ఆ ఇంటి పిల్లే. నాలుగో తరగతి ఉంటుందేమో. వాళ్ల అమ్మ ఇంకా వాగులోనే ఉందని చెప్పింది. దారి అటే కాబట్టి మేమూ వాగులోకి దిగాం. ఇసుకలో తవ్విన చెలిమె పక్కన ఆమె కూర్చుని ఉంది. నీళ్లు ఊరేదాకా ఆగడం, గిన్నెతో తోడి బిందెలో పోయడం, మళ్లీ ఆగడం. ఆమె వెనక ఇంకో ఐదారుగురు ఆడవాళ్లు వరసలో ఉన్నారు. ఆమె ఎప్పుడు వచ్చి కూర్చుందో మేం అడగలేదు. అడిగే ముఖం లేకపోయింది.

బడిలో నల్లబల్ల మీద మేం ఎన్నిసార్లు రాశామో లెక్క లేదు: జల్, జంగల్, జమీన్. ఆ మూడింటిలో మొదటి మాట నీళ్లే. ఆ మాట రాసిన చేతులతోనే ఒక పిల్ల నిద్రను చెంబులతో ముంచి ఒంటి మీద పోసుకున్నాం.

మాలో ఒకరు అంతకుముందే ఆ ఇంట్లో రొట్టెలు కాల్చే పెనం కింద రెండు వందల నోటు పెట్టి వచ్చాడు. వాగు దాటి కొంత దూరం పోయామో లేదో, ఆ ఇంటాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. నోటు మా వాడి జేబులో పెట్టి, "తమ్ముడి ఇంట్లో తిన్న అన్నానికి అన్న పైసలు కడతాడా?" అన్నాడు. కోపంగా అనలేదు. నొచ్చుకుని అన్నాడు. చేసిన తప్పును డబ్బుతో కడిగేసుకుని పోదామనుకున్నాం. ఆయన ఆ దారి మూసేశాడు.

ఆ రోజంతా మాలో మాకు మాటల్లేవు. కేస్లాపూర్ చేరి నాగోబా గుడి ముందు కూర్చున్నాక ఒకరు నోరు విప్పారు. మెస్రం వంశం వాళ్లు పుష్య మాసంలో చెప్పులు లేకుండా నడిచి వెళ్లి, జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు తెస్తారు. అమావాస్య రాత్రి ఆ నీళ్లతోనే నాగోబాకు మహాపూజ. ఈ సంగతి మనందరికీ తెలుసు. కానీ ఆ నడకలో గోదావరి సగం దారి మాత్రమే అని మాకు ఆ రోజే తట్టింది. నది దాకా వెళ్లి చూసి వస్తే అది యాత్ర కాదు. నీళ్లు తెచ్చి అందరి కోసం అర్పిస్తేనే యాత్ర పూర్తయినట్టు. వాళ్లు నీళ్లు తెచ్చారు. మేం నీళ్లు తాగి, ఒలకబోసి వచ్చాం.

మార్లవాయిలో చూసింది కూడా అప్పుడు గుర్తొచ్చింది. 1943లో హైమన్‌డార్ఫ్ ప్రోత్సాహంతో అక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. శిక్షణ పొందినవాళ్లు తమ గూడేలకు తిరిగి వెళ్లి, గోండి మాటలోనే పిల్లలకు అక్షరాలు నేర్పారు. మేం డైట్‌లో డి.ఎడ్. చదివి ఉద్యోగం తెచ్చుకున్నాం. ఆ పాత టీచర్లకు మేం వారసులమని చెప్పుకుంటాం. వాళ్లు ఊరికి తెచ్చిందేమిటో తెలుసు. మేం తెస్తున్నదేమిటి?

మర్నాడు సాయంత్రం ఇల్లు చేరాం. ఊరు ఊరంతా వచ్చి పలకరిస్తుందని అనుకున్నాం. ఊళ్లో సగం మంది తునికాకు కల్లం దగ్గర ఉన్నారు. మాకైతే నెల జీతం ఉంది. మా అన్నదమ్ముల ఇళ్లలో విత్తనాలకు, పిల్లల బట్టలకు తునికాకు డబ్బులే ఆధారం. ఏడాదిలో కొన్ని వారాలే దొరికే పని అది. యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున లెక్కపెట్టి కట్టాలి. మేం లేని ఆ రోజుల్లో మా వంతు గొడ్లను నీళ్లకు తోలింది, మా వంతు కట్టలు కట్టింది మా ఇళ్ల ఆడవాళ్లే. మాలో ఒకరి భార్య చేతులు చూపించింది. వేళ్లు పగిలి ఉన్నాయి. నడిచిన దూరం చెప్పుకోవడానికి మాకు ఫోన్ ఉంది. ఆమె లెక్క ఏ ఫోన్‌లోనూ లేదు.

ఆ రాత్రి ఒక అవ్వ మమ్మల్ని కూర్చోబెట్టి ఒకటే అడిగింది. "దారిలో ఎవరెవరి ఇంట్లో తిన్నారు? వాళ్లది ఏ వంశం? పిల్లలెందరు? పంట ఎట్లా ఉంది?" పదిహేడు రాత్రులు పదిహేడు ఇళ్లలో పడుకున్నాం. ఏడెనిమిది ఇళ్ల పేర్లకు మించి మాకు గుర్తు రాలేదు. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు నడిచామో మాత్రం నలుగురికీ నోటికి వచ్చు.

తర్వాత దీని మీద మాలో వాదన జరిగింది. ఒకరన్నారు: "అతిథికి పెట్టడం మన ధర్మం. రేపు వాళ్లు వస్తే మనమూ పెడతాం. దీన్ని బాకీ అని లెక్క కడితే షావుకారి పద్దు అవుతుంది. మన పెద్దలను ముంచింది ఆ పద్దులే కదా." ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఆ ఇంటాయన నోటు తిరిగి ఇచ్చింది కూడా అందుకే.

కానీ మేం ఆలోచించగా ఆలోచించగా ఇట్లా అనిపించింది. షావుకారు పద్దులో పెట్టినవాడు లెక్క రాసుకుంటాడు, తిన్నవాడికి అది తెలియదు. మన పద్ధతి దానికి తిరగేసినది. పెట్టినవాళ్లు మరిచిపోతారు, తిన్నవాళ్లు గుర్తుంచుకోవాలి. పెట్టిన చేయి మరిచిపోతే అది పెద్దమనసు. తిన్న నోరు మరిచిపోతే, ఆతిథ్యం అనే మాట చాటున ఒకరి కష్టాన్ని దోచుకున్నట్టే. ఆ కష్టం చాలాసార్లు ఆడవాళ్లది, పిల్లలది. మగవాళ్లం వాకిట్లో వరసలు కలుపుకుంటుంటే, ఆ వరసల బరువు వాగు దాకా వెళ్లి మోసుకొచ్చేది వాళ్లు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మీకు ఎందుకు చెబుతున్నామంటే మీరూ దూరం వెళ్తున్నారు. ఆశ్రమ పాఠశాలకు, ఉట్నూరు హాస్టలుకు, హైదరాబాద్ కోచింగుకు సంచి భుజాన వేసుకుని పోతున్నారు. వెళ్లండి. ఊళ్లోనే పడి ఉండమని మేం ఎప్పటికీ చెప్పం. చదువయ్యాక ఎక్కడ బతకాలన్నది మీ ఇష్టం. తిరిగి వచ్చిన రోజు, అది నాలుగు రోజుల సెలవైనా సరే, ఎన్ని మార్కులు, ఎంత జీతం అన్న లెక్కతో పాటు ఇంకో లెక్క చూసుకోండి. మనం అక్కడ చదువుతున్నప్పుడు ఇక్కడ మన వంతు నీళ్లు ఎవరు మోశారు? బడి మానేసి ఇంట్లో ఉండిపోయిన అక్క ఉందా? ఆమె పేరు మన కథలో ఉందా?

ఆ జూన్‌లో బడి తెరిచేలోపే మేం నలుగురం మళ్లీ ఆ గూడేనికి వెళ్లాం. ఈసారి మా నీళ్లు మేమే చెలిమె దగ్గర వరసలో కూర్చుని తెచ్చుకున్నాం. రెండు బిందెలు నిండేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఊరివాళ్లతో కూర్చుని బోరు కోసం అర్జీ రాశాం. వేలిముద్రలు, సంతకాలు అన్నీ పెట్టించి ఇచ్చాం. ఆ అర్జీ ఇంకా ఆఫీసుల్లో తిరుగుతూనే ఉంది. మేమూ దాని వెంట తిరుగుతూనే ఉన్నాం. కాబట్టి మా ప్రయాణం ఇంకా అయిపోలేదు.

ఇప్పుడు సెలవుల తర్వాత బడి తెరిచిన మొదటి రోజు పిల్లలను ఎక్కడెక్కడికి వెళ్లి వచ్చారని అడగడం మానేశాం. ఎవరింట్లో తిన్నారు, అక్కడ నీళ్లు ఎవరు తెచ్చారు అని అడుగుతున్నాం. మొదటి ఏడాది చాలామంది తెల్లమొహం వేశారు. ఈ ఏడాది ఒక అబ్బాయి లేచి, "మా మేనత్త కూతురు తెచ్చింది సార్. నేనూ ఒక బిందె తెచ్చాను" అన్నాడు.