రోగి మాట – భాండారి ధర్మము

ప్రొద్దుటూరు అంగడి వీధిలో మందుచీటీ చేతబట్టి నిలిచినవానిని నలుగురిలో "ఏమి జబ్బు?" అని అడుగుట మనకు పరామర్శగానే తోచును. అడుగువారి మనస్సు మంచిదే కావచ్చును. చెప్పవలసినవాని మనస్సు మాత్రము కుంచించుకొనిపోవును.

2018లో ఇంతకంటె పెద్ద వింత జరిగినది. ఆంధ్రప్రదేశ్‌లోని అన్న సంజీవని దుకాణములలో మందులు కొన్నవారి పేర్లు, ఫోను నంబర్లు, కొన్న మందుల పేర్లతో సహా ఇంటర్నెట్టులో ఎవరైనను చూడగలుగునట్లుండెను. కాపాడవలసినవారే తలుపు తెరచియుంచిరి! గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24వ తేదీననే తీర్పు చెప్పియుండెను.

బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని భాండారి. ధనము రాజుది, కాపు మాత్రమే తనది. వైద్యుని చెవినబడిన రోగి మాటయు, దుకాణదారుని పుస్తకమునకెక్కిన మందు పేరును అట్టి నిక్షేపములే. ఇష్టలింగమును లింగకాయలోనుంచి వస్త్రము చాటున ధరించు మనకు ఇది క్రొత్తగా చెప్పవలెనా? అది దాపరికము కాదు, మర్యాద.

అయినచో పెండ్లి సంబంధముల మాటయేమి? జమ్మలమడుగు పిల్లను పులివెందులకిచ్చునపుడు వరుని అంటువ్యాధిని దాచవచ్చునా? దాచరాదు. ఎయిడ్సు క్రిమి సోకిన ఒకని విషయమున, వధువు ఆరోగ్యము ముందు వరుని గోప్యత నిలువదని 1998లో సుప్రీంకోర్టు పలికినది. అయితే ఆ మాట మొదట చెప్పవలసినవాడు రోగియే. అతడెంత చెప్పినను విననప్పుడే వైద్యుడు నోరు విప్పవలెను. అదియు ఆ పిల్లకు మాత్రమే. పెండ్లిపెద్దలకు గాని, వీధి అరుగులకు గాని, మఠమునకు గాని దానితో పనిలేదు.