దొర దర్వాజ, మన అల్మార



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దిక్కున పాత పెంకుటిండ్లు కూలగొట్టి స్లాబు ఇండ్లు కట్టుకుంటున్నరు. టేకు దూలాలు, వాసాలు, దర్వాజలు పాత కలప కింద అమ్ముడుపోతున్నయి. మంచి వడ్రంగి చేతిల పడితే అవే బల్లలు, పీటలు, అల్మారలు అయితయి.

జనగామ దగ్గరి ఊరి తమ్ముడొకడు నన్ను అడిగిండు: “అన్నా, దొర ఇంటి దర్వాజ అమ్ముతున్నరు. దాని ముందట మా తాత చెప్పులు చేతిల పట్టుకొని నిలబడ్డడట. దాన్ని కొని బాబాసాహెబ్ పుస్తకాలకు అల్మార చేయించుకోవచ్చునా? అది మనకు ఎంగిలి కాదా?”

ఈ ప్రశ్నను నవ్వి కొట్టిపారెయ్యకండి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను తూటాకు బలిచ్చిన నేల ఇది. పైగా మనుస్మృతి పదో అధ్యాయం చండాలునికి శవాల మీది బట్టలు, పగిలిన పాత్రలే రాసిపెట్టింది. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ మనల్ని పారేసిన మెతుకులు, చచ్చిన పశువు మాంసం మానెయ్యమన్నడు. అదే ఏడాది డిసెంబర్ 25న అక్కడే మనుస్మృతిని తగలబెట్టిన్రు.

మరి బుద్ధుడు? దుమ్ములో, శ్మశానంలో పారేసిన గుడ్డలను కడిగి కుట్టుకునే పాంసుకూల చీవరాన్ని భిక్ఖువులకు అనుమతించిండు. ఉదేన రాజు ఆనందుణ్ణి పాత చీవరాలు ఏం చేస్తరని అడిగితే, అవి పక్క దుప్పట్లు అయితయని, తర్వాత కాళ్లు తుడిచే గుడ్డలు అయితయని, చివరికి మట్టిలో కలిపి పూతకు వాడుతమని చెప్పిండు.

గుడ్డ ఒకటే. మనువు దాన్ని పుట్టుక పేరు మీద నెత్తిన రుద్దిండు. సంఘంలో శాక్య కుమారుడూ మంగలి ఉపాలీ ఇష్టపడి ఒకే తీరు చీవరం కట్టిన్రు. అవమానం బలవంతంలో ఉంది, గుడ్డలో లేదు.

ఇప్పుడు దర్వాజ సంగతి చూడండి. నాగసేనుడు మిలిందునికి రథం ఉదాహరణ చెప్పిండు: ఇరుసు, చక్రాలు, నొగలు విడదీస్తే రథమనేది విడిగా ఎక్కడా దొరకదు. దొర దర్వాజ కూడా అంతే. మేకులు పీకి, చిత్రిక పట్టినంక మిగిలేది టేకు. అందులో దొర ఆత్మ దాక్కోలేదు. కట్టెకు అంటు ఉందని మనం అంటే, మనువు మాటను మనమే ఒప్పుకున్నట్టు.

అయితే షరతులున్నయి. దాన్ని బక్షీసుగా తీసుకోవద్దు, పైసలిచ్చి కొనండి. పాత కలప పేరు చెప్పి అడవిలో దొంగచాటుగా కొట్టిన టేకు ఇస్తే వద్దనండి, అది రెండో శీలానికి భంగం. వడ్రంగికి పూర్తి కూలి ఇయ్యండి. వెట్టి చేసినోళ్ల మనుమలు ఇంకొకరి చెమటను సగం ధరకు బేరమాడితే, దర్వాజ మారింది గానీ దొర మారలేదన్నట్టే.

ఇంకో మాట. పాత మేకుల రంధ్రాలను పూడ్చకండి. మీ బిడ్డ పుస్తకం తీస్తూ “ఇవేంటియి నాయనా?” అని అడిగితే, కూసోబెట్టి తాత కథ చెప్పండి.