తాతగారి పట్టా ముక్క



ఈ వారం మన శీర్షికకు వచ్చిన ప్రశ్న చూడడానికి చిన్నది. రాసింది కొలిమి పని చేసుకునే ఒక యువకుడు. వాళ్ల తాతగారు, అంటే తల్లికి తండ్రి, ఒక పల్లె గుడిలో ఉపదేశిగా పనిచేశారట. ఆ రోజుల్లో ఆ గుడికి గంట లేదు. రెండడుగుల రైలు పట్టా ముక్కను వేపకొమ్మకు వేలాడదీసి, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం త్రికాల జపానికి ఆయనే దాన్ని మోగించేవారు. ఊళ్లో ఎవరైనా కన్నుమూస్తే ఆ కబురూ దానిమీదే. తరువాత కొత్త గుడి లేచింది, కంచు గంట వచ్చింది. పాత పట్టా ముక్కను పెద్దలు ఆయనకే ఇచ్చేశారు. ఆయన పోయాక అది కూతురింటికి చేరి ఇప్పుడు అరుగు పక్కన పడి ఉంది. మనుమడు అడిగేదేమంటే, దాన్ని దాగలిగా వాడుకోవచ్చా అని. తల్లి ఒప్పుకోవడం లేదు. "మా నాన్నను సుత్తితో కొట్టినట్టుంటుందిరా" అంటున్నదట. అమ్మ ఊరికి వెళ్లినప్పుడు బిగించేస్తే ఏమవుతుంది ఫాదర్ అని ఉత్తరం చివర ఒక ముక్క కూడా ఉంది.

పట్నంలో పెరిగిన పాఠకుల కోసం ఒక మాట. దాగలి అంటే కమ్మరి కాల్చిన ఇనుమును పెట్టి సాగగొట్టే దిమ్మ. కొన్ని ఊళ్లలో దాయి అంటారు. అది లేకుంటే కొలిమి ఉన్నా, తిత్తి ఉన్నా, సమ్మెట ఉన్నా కొడవలి తయారు కాదు.

ముందుగా ఆ యువకుని అవసరాన్ని న్యాయంగా చూద్దాం. అతనిది దురాశ కాదు. చవకగా దొరికే పోత ఇనుము దిమ్మలు సమ్మెట దెబ్బకు అంచులు పెచ్చులూడతాయి. మంచి ఉక్కు దాగలి కొనాలంటే చిన్న కమ్మరి చేతిలో ఉండే డబ్బు చాలదు. రైలు పట్టా సంగతి వేరు. దాని ఉక్కులో కర్బనం నూటికి సుమారు 0.6 నుంచి 0.8 పాళ్లు ఉంటుంది. మన కిటికీ గ్రిల్సుకు వాడే మెత్తటి ఉక్కులో 0.25 మించదు. బండ్ల బరువు మోయడానికి పోసిన ఉక్కు అది. గజానికి 90 పౌండ్ల పట్టా అనుకుంటే రెండడుగుల ముక్క 60 పౌండ్లు, అంటే 27 కిలోలు తూగుతుంది. చిన్న కొలిమికి అది చాలు. అన్ని దేశాల్లోనూ పేద కమ్మరులు పట్టా ముక్కలనే దాగలిగా వాడుకుంటున్నారు. ఇంకో సంగతి. దాగలిని ఎంచుకునేటప్పుడు కమ్మరి సుత్తితో తట్టి చెవి ఒగ్గి వింటాడు. పోత ఇనుము మొద్దుగా పలుకుతుంది. మంచి ఉక్కు ఖంగుమంటుంది. తాతగారు దాన్ని గంటగా ఎంచుకున్నదీ, మనుమడు దాగలిగా కోరుకుంటున్నదీ ఒక్క కారణానికే!

ఇక శ్రీసభ చట్టం ఏమంటుంది? 1983 నాటి చట్టసంహితలో 1171వ నిబంధన ఉంది. దైవారాధన కోసం అభిషేకించిన వస్తువులను, ఆశీర్వదించిన వస్తువులను భక్తితో చూడాలనీ, అవి సొంత ఆస్తి అయినా సరే లౌకికమైన పనులకు, తగని పనులకు వాడరాదనీ దాని సారాంశం. కాబట్టి అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: ఆ పట్టా ముక్కను ఏ గురువైనా, ఏ మేత్రాణులైనా గంటగా ఆశీర్వదించారా? గుడి గంటలను ఆశీర్వదించే క్రమం మనకు చాలా పాతది. వెనుకటి క్రమంలో గంటను పవిత్ర జలంతో కడిగి, పవిత్ర తైలంతో అభిషేకించేవారు. అందుకే జనం దాన్ని గంటకు జ్ఞానస్నానం అనేవారు. వేపచెట్టుకు కట్టిన పట్టా ముక్కకు అంతటి తంతు జరిగిందని ఉత్తరంలో లేదు. జరిగి ఉంటే ఆ ఊరి పెద్దలు చెప్పగలరు. జరగకపోతే చట్టం దృష్టిలో అది పవిత్ర వస్తువు కాదు, పవిత్రమైన పని చేసిన వస్తువు. ఈ రెంటికీ తేడా ఉంది. పూజాపాత్ర, దివ్యసత్ప్రసాద పాత్ర వంటివైతే నా సమాధానం ఒక్క ముక్కలో అయిపోయేది: వద్దు.

(మాటవరసకు ఇంకొక చట్టం. రైల్వే ఆస్తిని అక్రమంగా ఉంచుకోవడం 1966 నాటి చట్టం ప్రకారం నేరం. తాతల కాలంలో ఆ ముక్క వేలం పాటలో వచ్చిందో, ఎవరైనా ఇచ్చారో తెలిసిన పెద్దలను అడిగి ఉంచుకోవడం మంచిది.)

చట్టం అడ్డు చెప్పలేదు కనుక అయిపోయిందనుకోకండి. అసలు చిక్కు తల్లి అన్న మాటలో ఉంది. సెమినరీలో మేము తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ గొడ్డలి ఉదాహరణ ఒకటి చదివాం. గొడ్డలికి గొడ్డలితనం దాని పనిలో ఉంటుందంటాడాయన. ఆ లెక్కన ఈ పట్టా ముక్కకు స్వభావసిద్ధమైన గంటతనం ఏమీ లేదు. మొదట బండ్లను మోసింది. తరువాత మనుషులను జపానికి పిలిచింది. ఇప్పుడు కొడవళ్లు సాగదీస్తానంటోంది. ఉక్కు మారలేదు, ఉద్యోగం మారింది. తర్కం ఇక్కడికి బాగానే నడిచింది. కాని ఆ తల్లి ఉక్కు గురించి మాట్లాడడం లేదు కదా! తెల్లవారుజామున లేచి వెళ్లే తండ్రి అడుగుల చప్పుడు, ఆ వెంటనే వినిపించే మోత, ఆ మోతకు లేచి మోకరించిన తన బాల్యం, ఇవన్నీ ఆమెకు ఆ ముక్కలో ఉన్నాయి. అరిస్టాటిల్ గొడ్డలి దీన్ని నరకలేదు.

మన వేదపారంగతులకు ఈ సంగతి తెలుసు. పునీత అగస్టీను తన 'దైవ నగరం' మొదటి సంపుటంలో, మరణించిన భక్తుల దేహాలను ఎందుకు గౌరవించాలో చెబుతూ, తండ్రి తొడిగిన వస్త్రమో ఉంగరమో బిడ్డలకు ఎంత ప్రియమో గుర్తుచేస్తాడు. తండ్రిమీద ప్రేమ ఎంత ఉంటే ఆ వస్తువుమీద మక్కువ అంత ఉంటుందని ఆయన భావం. పునీత తోమాస్ అక్వినాస్ పునీతుల అవశేషాల గౌరవాన్ని చర్చించేటప్పుడు ఈ మాటనే ఆధారం చేసుకున్నాడు. అంటే మన అవశేషాల భక్తికి ఉపమానం ఎక్కడ దొరికింది? ఇలాంటి ఇళ్లలోనే. కనుక "ముసలమ్మ చాదస్తం" అని ఆ తల్లిని తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు. అయితే మరో పక్క కూడా ఉంది. అరుగు పక్కన ఆ ముక్క ఇప్పుడు ఏం చేస్తున్నదో ఉత్తరంలోనే ఉంది. మేకను కట్టేస్తున్నారట! మేకను కట్టినప్పుడు లేని అభ్యంతరం కమ్మరి పనికి ఎందుకు వచ్చిందని ఆ తల్లిని నవ్వుతూ అడగవచ్చు. తుప్పు పట్టనివ్వడం కూడా ఒక రకం వాడకమే.

పవిత్ర గ్రంథం ఈ విషయంలో ఒకే పక్షం వహించలేదు. యోర్దాను దాటినప్పుడు నది నడుమ నుంచి పన్నెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలబెట్టమన్నాడు యెహోషువ (యెహో 4). రేపు బిడ్డలు ఈ రాళ్లేమిటని అడిగితే చెప్పడానికి. ఆ రాళ్లతో ఎవరూ గోడ కట్టుకోలేదు. మోషే చేసిన ఇత్తడి సర్పాన్ని హిజ్కియా రాజు పగలగొట్టించాడు (2 రాజు 18:4). జ్ఞాపకం కాస్తా విగ్రహమై ధూపం అందుకుంటున్నది గనుక. ఈ రెంటి మధ్య నాకు అన్నిటికంటే దగ్గరగా తోచేది నోబు పట్టణంలో జరిగినది (1 సమూ 21).

సౌలు రాజు నుంచి పారిపోతూ దావీదు వట్టి చేతులతో యాజకుడైన అహీమెలెకు వద్దకు వచ్చాడు. ఈటె గాని, కత్తి గాని ఉన్నదా అని అడిగాడు. అక్కడ ఉన్నది ఒక్కటే. గొల్యాతు కత్తి. దావీదు తాను గెలిచిన విజయానికి గుర్తు అది. బట్టలో చుట్టి, ఎఫోదు వెనుక, దైవ సన్నిధిలో భద్రపరచబడి ఉంది. ఇంతకంటే గౌరవంగా దాచిన జ్ఞాపిక ఇంకేముంటుంది? అయినా యాజకుడు తటపటాయించలేదు. కావాలంటే తీసుకోమన్నాడు. అవసరంలో ఉన్నవాని చేతికి అది మళ్లీ కత్తి అయింది. బట్టలో ఉన్నన్నాళ్లూ అది గౌరవం పొందింది. చేతికి వచ్చాక అగౌరవం పాలయిందని గ్రంథకర్త ఎక్కడా అనడు.

కాని, నాయనా, ఆ అధ్యాయాన్ని అక్కడితో మూసేయకు. దావీదు ఆ యాజకునితో నిజం చెప్పలేదు. రాజుగారి రహస్య కార్యం మీద వచ్చానన్నాడు. ఆ అబద్ధం తరువాత పేజీలోనే రక్తమై పారింది. సౌలు ఆజ్ఞతో దోయేగు ఎనుబదియైదుగురు యాజకులను చంపాడు (1 సమూ 22:18). వాళ్ల చావుకు కారకుణ్ణి నేనే అని దావీదు తన నోటితోనే ఒప్పుకోవలసి వచ్చింది. కత్తి తీసుకోవడంలో తప్పు లేదు. తీసుకున్న తీరులో ఉంది. "అమ్మ ఊరికి వెళ్లినప్పుడు" అని నీవు రాసిన ఆ ఒక్క ముక్కే ఈ వ్యవహారం మొత్తంలో నాకు పాపంలా కనిపించింది. నాలుగవ ఆజ్ఞ పట్టా ముక్కల గురించి ఏమీ చెప్పదు. తల్లి గురించి చెబుతుంది. పైగా ఆ ముక్క ఆమె పుట్టింటి ఆస్తి. మీ మేనమామలు ఉంటే వాళ్లకూ ఒక మాట చెప్పాలి. పొలం విషయంలో నాబోతు అహాబు రాజుకే కుదరదన్నాడు, తండ్రుల స్వాస్థ్యమని. ఆ పొలంలో కూరగాయలు పండించుకోవడం చెడ్డ పనేం కాదు. ఇవ్వనన్నవాని వద్ద నుంచి లాక్కోవడం చెడ్డ పని.

ఆమెతో మాట్లాడేటప్పుడు దాచకుండా చెప్పవలసినది ఇంకొకటి ఉంది. వేలాడే ఉక్కు మోగినట్టు మొద్దులో బిగించిన ఉక్కు మోగదు. దాగలి చుట్టూ గొలుసు చుట్టి మోత తగ్గించే కమ్మరులే ఎక్కువ. కనుక "రోజంతా తాత గంట వింటావమ్మా" అని మభ్యపెట్టకు. ఆ మోత పోతుంది. అది నిజమైన నష్టం. అంతకు ముందు ఒక సాయంత్రం ఆ ముక్కను మళ్లీ వేలాడదీయండి. మేనమామలను, పాత గుడి ఎరిగిన వాళ్లను పిలవండి. త్రికాల జపం వేళకు ఆ తల్లి చేతనే మోగించండి. అందరూ కలిసి తాతగారి ఆత్మశాంతికి జపం చెప్పుకోండి. దాని తరువాత కూడా ఆమె వద్దంటే? వద్దనే. ఆమె బతికినన్నాళ్లు ఆగు. అప్పటిదాకా మరో ముక్క చూసుకో. పాత ఇనుము దుకాణంలో రసీదుతో దొరికే దానికి ఎవరి కన్నీళ్లూ అంటవు.

ఒప్పుకుంటే మాత్రం దాన్ని కోయకు. చాలామంది పట్టాను పడుకోబెట్టి, కొమ్ములా ఆకారం వచ్చేలా గ్యాస్ కటింగు చేయిస్తారు. నడుమ పలచగా ఉండడం వల్ల అలా పెట్టిన పట్టా దెబ్బకు ఊగుతుంది కూడా. నిలువునా మొద్దులో దిగేస్తే సుత్తి కింద రెండడుగుల ఉక్కు ఉంటుంది. పై కొన మట్టంగా అరగదీస్తే చాలు. తాతగారు తాడు దూర్చిన బోల్టు రంధ్రం పైకి కనబడేలా ఉంచు. రేపు నీ బిడ్డలు ఈ రంధ్రమేమిటని అడుగుతారు. గిల్గాలు రాళ్ల సంగతి మరి అదే కదా!

ఆయుధాలు నాగళ్లయ్యే రోజును యెషయా ప్రవక్త చూశాడు (యెష 2:4). ఆ మార్పు ఏ కొలిమి లేకుండా జరుగుతుందనుకోకండి. ఇటలీలోని రొవెరెతో పట్టణంలో మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఒక గురువు పూనుకుని, యుద్ధం చేసిన దేశాల నుంచి ఫిరంగుల కంచు సేకరించి 1924లో ఒక మహా గంట పోయించారు. మృతుల జ్ఞాపకార్థం అది రాత్రివేళ నూరు దెబ్బలు మోగుతుంది. అక్కడ పనిముట్టు గంట అయింది. మన తమ్ముని ఇంట గంట పనిముట్టు కాబోతున్నది. సీరా పుత్రుని జ్ఞానగ్రంథం 38వ అధ్యాయంలో దాగలి ముందు కూర్చున్న కమ్మరిని ఒకసారి చదవండి. పొగకు, సెగకు కమిలిపోతూ, సుత్తి మోత చెవులు హోరెత్తిస్తుంటే, కళ్లు చేస్తున్న వస్తువు మీదనే నిలిపిన మనిషి. అలాంటి పనివాళ్లు లేనిదే ఊరు నిలవదనీ, వాళ్ల ప్రార్థన వాళ్ల పనిలోనే ఉన్నదనీ ఆ గ్రంథం భావం. తాతగారు జనాన్ని ప్రార్థనకు పిలిచిన ఉక్కుకు అది అంత పరాయి చోటేమీ కాదు.

పనిముట్లను ఆశీర్వదించే క్రమం శ్రీసభ ఆశీర్వచనాల గ్రంథంలో ఉంది. 1955లో పన్నెండవ భక్తినాథ పోపుగారు ఏర్పరచిన శ్రామికుడైన పునీత జోజప్పగారి పండుగ మే 1న వస్తుంది. ఆ రోజు ఆశీర్వాదం పెట్టించుకోవాలనుకుంటే 27 కిలోలు నెత్తిన పెట్టుకుని గుడికి మోసుకు రానక్కరలేదు. మీ విచారణ గురువునే కొలిమికి పిలువు. తిత్తి ఊదడం మాత్రం ఆయనకు అప్పజెప్పకు.