స్నానము – శౌచము – సదాచారము

స్నానము శరీరమునకు నిత్యకృత్యము. లింగవంతుల యిండ్లలో స్నానానంతరము విభూతి ధరించి, ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచి అర్చించిన పిమ్మటనే ప్రసాద స్వీకారము. ఈ యాచారము విడువదగినది కాదు. అయితే నీరు పోగొట్టునది దేహమలినమునా, పుట్టుకనా? ఈ ప్రశ్నకు పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమునందలి శరణులు సమాధాన మిచ్చిరి.

ఆ కాలమున ప్రభువులకు స్నానము గొప్ప భోగము. కల్యాణి చాళుక్య రాజగు మూడవ సోమేశ్వరుడు (1126–1138) తన మానసోల్లాసమున స్నానభోగమును ప్రత్యేకముగా వర్ణించెను. పరిమళ తైలముల యభ్యంగము, నలుగు, సుగంధజలములు అందలి విశేషములు. సామాన్యులకు నదులు, చెరువులే స్నానశాలలు. ఆలయముల చెంత మెట్ల కోనేరులు వెలసెను. లక్కుండి మాణికేశ్వరాలయము చెంతనున్న కోనేరు నేటికిని చూడవచ్చును. నదీసంగమములు పుణ్యతీర్థములయ్యెను. బసవేశ్వరుడు విద్య నభ్యసించిన కూడలసంగమమును కృష్ణా మలప్రభల సంగమమే.

ఆ నీటియొద్దనే భేదమును నిలిచినది. ఒకడు మునిగిన పవిత్రుడు. మరియొకడు తాకిన మైల. ఎల్లవారి మాసిన వస్త్రములను శుభ్రపరచు చాకలియే మైలవాడని తలపబడుట ఎంత వింత! కల్యాణమున మడివాలు మాచయ్య ఆ వృత్తినే శివపూజగా నాచరించి శరణులలో అగ్రగణ్యుడయ్యెను. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఆ మహనీయుని చరిత్రను భక్తితో గానము చేసెను.

జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి అను పంచసూతకములు లింగధారికి లేవని వీరశైవము చాటినది. లింగము అంగమున నెలకొనియుండగా, అంటు ప్రవేశించుటకు చోటెక్కడిది? నీరు చెమటను కడుగును, దుమ్మును కడుగును. అసత్యమును కడుగదు, పరనిందను కడుగదు. వానిని కడుగునది సదాచార మొక్కటే.

మరి నేడు మన యిండ్లలో జరుగుచున్న దేమి? లింగము ధరించిన కూతురును నెలకు మూడు నాళ్లు దూరముగా కూర్చుండబెట్టి, పూజకు రావలదను తల్లులు కలరు. పనిమనిషికి వేరు లోటా నుంచు గృహస్థులు కలరు. అస్పృశ్యతను 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము నిషేధించినది. శరణులు దానిని ఎనిమిది వందల యేండ్లకు పూర్వమే త్రోసిపుచ్చిరి. పెద్దలు పెట్టిన మర్యాద గదా యని కొంద రందురు. అలసిన బిడ్డకు విశ్రాంతి నిచ్చుట మర్యాదయే. ఆమె అరచేతినుండి లింగమును తొలగించుట మర్యాద కాదు. ఆ హక్కు ఏ పెద్దకును లేదు.

కావున శరణబంధువులారా! ప్రతిదినము శుభ్రముగా స్నానము చేయుడు. పిదప లింగమును చేత నుంచుకొనునపుడు, ఈ యింట నెవ్వరినైన మైలవారని దూరముంచితిమా యని ఒక్క క్షణము విచారింపుడు. ఉంచినచో, ముందు వారిని దరికి పిలువుడు. అర్చన తరువాత. అదియే బసవేశ్వరుడు మెచ్చు మంగళస్నానము.

శివమస్తు.