బడిలో క్షమాపాఠము

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి సీమలలో ఎందరో పిల్లలు ఇంట తెలుగు, బడిలో కన్నడము మాటలాడుదురు. రెండు భాషలు వచ్చియు, లోన రగులు కోపమునకు, అవమానమునకు మాట దొరకక కొందరు చేయి చేసికొందురు; కొందరు బడియే మానుదురు.

క్రోధ, మాన, మాయా, లోభములు నాలుగు కషాయములు. క్షమ, మృదుత్వము, ఋజుత్వము, సంతోషము వానికి మందులు. ఆచార్య మహాప్రజ్ఞులు ఇట్టి భావశుద్ధినే 'జీవన విజ్ఞాన'మను పేర బడులకు తెచ్చిరి. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలలలోను 2018లో 'ఆనంద పాఠ్యక్రమము' మొదలైనది.

వర్తకుడు చిట్టా సరిచూడక అంగడి మూయడు. ప్రతిక్రమణమును అట్టి లెక్కయే. బడి విడుచుటకు ముందు బిడ్డ కన్నులు మూసి, 'నేడెవరిని నొప్పించితిని?' అని తలచి, తోటివానిని క్షమాపణ కోరవలెను. అయితే ఉపాధ్యాయుడును, తండ్రియు ముందుగా కోరవలెను. పెద్దలు కోరని క్షమను పిల్లలు నేర్వరు.